ఎముక చెప్పింది, మూత్రపిండం చెప్పలేదు

వంశధార తీరం – వైద్యం కథ : తొమ్మిదో భాగం

గత భాగంలో 1923లో విశాఖపట్నంలో కింగ్ జార్జి ఆసుపత్రి తెరుచుకోవడం, అదే ఏడాది వైద్య కళాశాల మొదలవడం చూశాం. ఇచ్ఛాపురం నుంచి తుని దాకా జబ్బుపడ్డ మనిషికి 'పెద్దాసుపత్రి' అంటే అదే అయింది. ఆ ఆసుపత్రికి వెళ్ళిన మనిషి ఒంట్లో ఏముందో కోయకుండా తెలుసుకునే విద్య ఎలా పుట్టింది, మన వైపుకి ఎలా వచ్చింది, వచ్చాక ఏం తేల్చింది, ఏం తేల్చలేకపోయింది అన్నది ఈ భాగంలో చెప్పుకుందాం.

శ్రీముఖలింగంలో మధుకేశ్వరాలయం మీద శాసనాలు తరతరాలుగా అందరి కళ్ళ ముందే ఉన్నాయి. దర్శనానికి వచ్చినవాళ్ళు వాటి పక్కనుంచే నడిచి వెళ్ళారు. ఈ ఊరికి దగ్గరలోని పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ పాత లిపులను సొంతంగా నేర్చుకుని ఆ రాళ్ళను చదివారు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమేనని వాదించారు. అక్షరాలు కొత్తగా పుట్టలేదు. చదివే మనిషి వచ్చాక రాళ్ళు చరిత్ర అయ్యాయి. వైద్యంలో బొమ్మల చరిత్రను కూడా ఈ కోణం నుంచే చూడాలి. యంత్రం బొమ్మను చూపిస్తుంది. దాన్ని చదివేవాళ్ళు కావాలి, సరైన ప్రశ్నతో చదవాలి.

1895 నవంబరు 8

గిడుగువారికి ముప్పై రెండేళ్ళు వచ్చిన ఏడాది. జర్మనీలో వూర్ట్స్‌బుర్గ్ విశ్వవిద్యాలయంలో విల్‌హెల్మ్ కాన్రాడ్ రాంట్‌జన్ అనే భౌతికశాస్త్రవేత్త, గాలి తీసేసిన గాజు గొట్టంలో విద్యుత్తు పంపి పరిశీలిస్తున్నారు. గొట్టాన్ని నల్లని అట్టతో మూసేశారు. గదంతా చీకటి. అయినా కొంత దూరంలో రసాయనం పూసిన తెర ఒకటి మెరిసింది. అట్టను దాటి వచ్చిన ఆ కిరణం ఏమిటో తెలియక దానికి ఎక్స్ అని పేరు పెట్టారు. డిసెంబరు 22న భార్య అన్నా బెర్తా చేతిని ఫొటో పలక మీద పెట్టించి కిరణాలు పంపారు. వేళ్ళ ఎముకలు, వేలికి ఉంగరం పలక మీద పడ్డాయి. డిసెంబరు 28న పరిశోధన పత్రం సమర్పించారు. 1901లో భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే దక్కింది. ఈ ఆవిష్కరణ మీద ఆయన పేటెంటు తీసుకోలేదు. ఎక్స్‌రే అంత వేగంగా ప్రపంచమంతా పాకడానికి అదీ ఒక కారణం.

ఎక్స్‌రే గొట్టంలో ఒక కొస నుంచి ఎలక్ట్రాన్లు మహావేగంతో వచ్చి రెండో కొసన ఉన్న లోహాన్ని ఢీకొంటాయి. ఇవాళ్టి గొట్టాల్లో ఆ లోహం టంగ్‌స్టన్. ఆ తాకిడి శక్తిలో దాదాపు 99 శాతం వేడిగా పోతుంది. మిగిలిన కొద్దిపాటి శక్తే ఎక్స్‌కిరణాలుగా బయటికొస్తుంది. అవి ఒంట్లోంచి వెళ్ళేటప్పుడు ఎముకలోని కాల్షియం, భాస్వరం వాటిని ఎక్కువగా పట్టి ఆపేస్తాయి. కండ, కొవ్వు కొంతే ఆపుతాయి. గాలి నిండిన ఊపిరితిత్తులు దాదాపుగా వదిలేస్తాయి. కిరణాలు అందిన చోట ఫిల్ము నల్లబడుతుంది, అందని చోట తెల్లగా మిగులుతుంది. విరిగిన ఎముకలో గీత కనిపించేది అందుకే. క్షయ సోకిన ఊపిరితిత్తిలో, నల్లగా ఉండాల్సిన చోట తెల్లని మచ్చ కనిపించేదీ అందుకే.

కొత్త కిరణం రెండేళ్ళు తిరక్కుండానే భారతదేశపు వాయవ్య సరిహద్దుకు చేరింది. 1897–98లో తీరా దండయాత్రలో సర్జన్ మేజర్ బీవర్ గాయపడ్డ సైనికుల ఒంట్లో తూటాలు ఎక్కడున్నాయో ఎక్స్‌రేతో వెతికారు. ప్రమాదం కూడా అంతే త్వరగా బయటపడింది. ఎడిసన్ దగ్గర ఎక్స్‌రే గొట్టాలతో పనిచేసిన క్లారెన్స్ డాలీ చేతులు పుండ్లు పడి, చివరికి ఆయన 1904లో చనిపోయారు. ఈ రోజు ఎక్స్‌రే గదిలో టెక్నీషియన్ సీసపు తెర వెనక నిలబడటం, కడుపుతో ఉన్నారా అని ఆడవాళ్ళను ముందే అడగటం, అలాంటి ప్రాణాల ఖరీదుతో నేర్చుకున్న జాగ్రత్తలు.

దర్శి, పొదిలి ఎముకలు

ఈ ముఖలింగం సీమ అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లాలో ఉండేది. పెద్ద వైద్య పరిశోధన అంటే మద్రాసులోనే. అక్కడి జనరల్ ఆసుపత్రిలో 1934లో బర్నార్డ్ రేడియాలజీ సంస్థ మొదలైంది. కెప్టెన్ టి.డబ్ల్యు. బర్నార్డ్ పేరు మీద ఏర్పడిన ఆ సంస్థ కొద్ది ఏళ్ళలోనే తెలుగు పల్లెల బాధ ఒకదానికి పేరు పెట్టడంలో పాలుపంచుకుంది.

1930ల్లో నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి ప్రాంతాల్లో మనుషులు నడుం వంచలేక, మెడ తిప్పలేక కొయ్యబారిపోతున్నారు. 1970లో ప్రకాశం జిల్లాలో కలిసిన ప్రాంతాలివి. దుక్కిటెద్దులు కీళ్ళు బిగుసుకుని నడవలేకపోవడాన్ని రైతులు ముందుగా గుర్తించారని చెబుతారు. పిల్లల పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు. యువకుల్లో ముసలితనపు నడక. వాతం అన్నారు కొందరు, వెన్నుజబ్బు అన్నారు ఇంకొందరు. ఒంటి పైనుంచి చూస్తే ఆ రెండూ నమ్మదగ్గ మాటలే.

ఎక్స్‌రే తీసి చూసినప్పుడు ఎముకలు ఉండాల్సిన దానికంటే ఎంతో తెల్లగా, దట్టంగా కనిపించాయి. వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండాల్సిన పట్టీలు సున్నం పట్టి గట్టిపడ్డాయి. కొందరిలో వెన్ను మొత్తం ఒకే కడ్డీలా అతుక్కుపోయింది. వాతంలో ఎముక ఇలా మారదు. క్షయలో ఎముక తినేసినట్టు పోతుంది తప్ప ఇంత దట్టం కాదు. ఈ రూపం ఒకే దిక్కును చూపించింది. ఊరి బావుల నీటిని పరీక్షిస్తే అందులో ఫ్లోరైడు మోతాదుకు మించి ఉంది. 1937లో ఈ విషయం మీద పరిశోధన పత్రం అచ్చయింది. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెచ్.ఇ. షార్ట్, రేడియాలజిస్టు బర్నార్డ్ దాని రచయితల్లో ఉన్నారు. మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని గుర్తించి రాసిన తొలి పత్రం అది.

ఫ్లోరైడు ఎముకలోకి చేరి దాని స్ఫటికాలను మార్చేస్తుంది. అందుకే ఎముకే తన జబ్బుకు సాక్ష్యం చెప్పింది. ఆ సాక్ష్యానికి నీటి పరీక్ష తోడైంది. రోగి ఒళ్ళు, ఎక్స్‌రే ఫిల్ము, ఊరి బావి, ఈ మూడింటినీ ఒకచోట పెట్టి చూసిన పరిశోధకుల వల్ల కారణం తేలింది. ఆ తర్వాత నల్లగొండ పల్లెల్లో కూడా ఇదే గోడు బయటపడింది. కారణం తెలిసినా మంచినీళ్ళు అందడానికి దశాబ్దాలు పట్టడం వేరే విషాదం. కారణం తెలియడం వల్లనే మంచినీళ్ళు ఇవ్వండని అడిగే హక్కు ఆ జనానికి వచ్చిందన్న మాట మాత్రం నిజం.

విశాఖలో చదివి

బొమ్మను చదివే విద్యకు మన మధ్య ఒక పెద్ద పేరుంది. కాకర్ల సుబ్బారావు. 1925 జనవరి 25న కృష్ణా జిల్లా పెదముత్తేవిలో పుట్టారు. విశాఖపట్నంలో ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి 1950లో డాక్టరు పట్టా పొందారు. మరుసటి ఏడాది అమెరికా వెళ్ళి రేడియాలజీ నేర్చుకుని 1955లో అక్కడి బోర్డు పరీక్షలో నెగ్గారు. 1956లో తిరిగొచ్చి హైదరాబాదులో ఉస్మానియాలో బోధించారు. 1970లో మళ్ళీ అమెరికా వెళ్ళారు. న్యూయార్కులో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాలలో ఆచార్యుడిగా పనిచేశారు. ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు పిలుపు మీద 1980ల్లో హైదరాబాదు వచ్చి నిమ్స్ డైరెక్టరుగా బాధ్యత తీసుకున్నారు. ఎముకల ఎక్స్‌రేలు చదవడంలో ఆయనది ప్రత్యేకమైన పట్టు. 2000లో పద్మశ్రీ వచ్చింది. 2021 ఏప్రిల్ 16న కన్నుమూశారు.

ఆయన జీవితాన్ని తేదీల వరసలో చూస్తే ఒక విశేషం కనిపిస్తుంది. విశాఖలో చదువుకుంటున్న రోజుల్లో ఒంటి లోపలికి చూడటానికి డాక్టరు చేతిలో ఉన్నది ఎక్స్‌రే ఒక్కటే. నిమ్స్‌కు వచ్చే నాటికి అల్ట్రాసౌండు, సీటీ, ఎమ్మారై మూడూ పుట్టి పెరిగాయి. ఒకే మనిషి వృత్తి జీవితంలో ఒక విద్య నాలుగు విద్యలైంది. ఆ మూడు కొత్తవి ఎలా వచ్చాయో ఒక్కొక్కటే చూద్దాం.

చప్పుడుతో చూడటం

కిరణాల ప్రమాదం లేనిది, ఇవాళ మన పల్లె జనానికి బాగా తెలిసినది అల్ట్రాసౌండు, అంటే పొట్ట స్కానింగు. దాని మూలం 1880లో ఉంది. జాక్ క్యూరీ, పియర్ క్యూరీ అన్నదమ్ములు కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనుక్కున్నారు. తర్వాత దీన్నే తిరగేసి, విద్యుత్తు ఇస్తే ఆ స్ఫటికాలు కంపిస్తాయని రుజువైంది. మొదటి ప్రపంచయుద్ధంలో పాల్ లాంజెవాన్ ఈ కంపనంతో సముద్రంలో దాక్కున్న జలాంతర్గాములను వెతికే పద్ధతికి బాట వేశారు. ఆ తర్వాత కర్మాగారాల్లో లోహపు రేకుల్లో పగుళ్ళు పట్టుకోవడానికి వాడారు. స్కాట్లాండులో గ్లాస్గో నగరానికి చెందిన ప్రసూతి వైద్యులు ఇయాన్ డొనాల్డ్ 1955లో అలాంటి ఒక కర్మాగారపు యంత్రంతో శస్త్రచికిత్సలో తీసిన గడ్డలను పరీక్షించి చూశారు. నీటి తిత్తికి, గట్టి గడ్డకు ప్రతిధ్వనిలో తేడా స్పష్టంగా వచ్చింది. ఇంజనీరు టామ్ బ్రౌన్, డాక్టరు జాన్ మెక్‌వికార్‌లతో కలిసి ఆయన రాసిన పత్రం 1958 జూన్ 7న లాన్సెట్ పత్రికలో వచ్చింది. గర్భంలో బిడ్డను చూసే విద్య అక్కడ మొదలైంది.

మన చెవి సెకనుకు 20,000 కంపనాల దాకా వింటుంది. స్కానింగులో వాడే ధ్వని సెకనుకు ఇరవై లక్షల నుంచి కోటిన్నర కంపనాలు. డాక్టరు ఒంటి మీద ఆనించే ప్రోబులోని స్ఫటికాలు ఆ ధ్వనిని పంపుతాయి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని అవే అందుకుంటాయి. మెత్తని కణజాలంలో ధ్వని సెకనుకు సుమారు 1540 మీటర్ల వేగంతో పోతుంది. పది సెంటీమీటర్ల లోతు నుంచి ప్రతిధ్వని తిరిగి రావడానికి సెకనులో పదివేలవ వంతు కంటే కొంచెం ఎక్కువ పడుతుంది. వచ్చిన సమయాన్ని బట్టి లోతు, వచ్చిన బలాన్ని బట్టి వెలుగు లెక్కగట్టి తెర మీద బొమ్మ తయారవుతుంది. ఒంటికి, ప్రోబుకి మధ్య గాలి ఉంటే ధ్వని లోపలికి పోకుండా వెనక్కి వచ్చేస్తుంది. అందుకే చల్లటి జెల్లు రాస్తారు. నిండిన మూత్రాశయం ధ్వనికి మంచి దారి ఇస్తుంది కనుక కొన్ని పరీక్షలకు నీళ్ళు తాగి ఆపుకోమంటారు. పేగుల్లో గాలి, ఎముక ఈ ధ్వనికి అడ్డు. వాటి వెనక ఉన్నది సరిగ్గా కనపడదు.

ఇంత మేలు చేసిన పరికరాన్ని మన సమాజం ఆడపిల్లల మీద ఆయుధంగా కూడా వాడింది. గర్భంలో ఉన్నది ఆడో మగో చెప్పించుకుని ఆడపిల్లలను పుట్టనివ్వని నేరం పెరగడంతో 1994లో పార్లమెంటు లింగనిర్ధారణ నిషేధ చట్టం చేసింది. ప్రతి స్కానింగు కేంద్రం గోడ మీద కనిపించే బోర్డు ఆ చట్టం ప్రకారం పెట్టిందే. బొమ్మను ఏ ప్రశ్నతో చూస్తున్నామన్నది ఎంత పెద్ద విషయమో చెప్పడానికి ఇంతకంటే బాధాకరమైన ఉదాహరణ లేదు.

కోయకుండా ముక్కలు

ఎక్స్‌రే ఫిల్ములో ఒంటి ముందున్నది, వెనకున్నది అన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. పుర్రె గట్టి ఎముక కావడంతో లోపలి మెదడు అసలే కనపడదు. పనసపండును కోయకుండానే ఏ తొన ఎక్కడుందో పొర పొరగా చెప్పగలిగితే ఎలా ఉంటుందో, మెదడు విషయంలో అలాంటిదే వైద్యులకు కావాల్సి వచ్చింది.

ఇంగ్లండులో ఇ.ఎమ్.ఐ. కంపెనీ ఇంజనీరు గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ అది సాధించారు. ఎక్స్‌రే గొట్టాన్ని తల చుట్టూ తిప్పుతూ, ప్రతి కోణం నుంచి ఎంత కిరణం అవతలికి వచ్చిందో కొలిచి, ఆ వేల కొలతలను కంప్యూటరుకు ఇచ్చారు. ఏ చోట ఎంత కిరణం ఆగిందో కంప్యూటరు లెక్క కట్టి అడ్డకోత బొమ్మ గీసింది. 1971 అక్టోబరు 1న లండన్ శివారు వింబుల్డన్‌లోని ఆట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో తొలి రోగికి సీటీ తీశారు. ఆ మొదటి బొమ్మలో ఉన్నవి అడ్డంగా 80, నిలువుగా 80 గళ్ళు మాత్రమే. దక్షిణాఫ్రికాలో పుట్టి అమెరికాలో పనిచేసిన ఆలన్ కార్మాక్ ఈ లెక్కలను అంతకు ముందే వేరుగా సాధించారు. ఇద్దరికీ కలిపి 1979లో నోబెల్ ఇచ్చారు.

ఈ లెక్కల్లో మన దక్షిణాది చేయి కూడా ఉంది. మద్రాసులోనూ బెంగుళూరులోనూ పనిచేసిన జి.ఎన్. రామచంద్రన్, ఎ.వి. లక్ష్మీనారాయణన్‌తో కలిసి 1971లో ఒక పత్రం ప్రచురించారు. నీడల నుంచి అసలు రూపాన్ని తిరిగి కట్టే పనిని అంతకు ముందున్న పద్ధతుల కంటే సులువుగా, వేగంగా చేసే గణితం అందులో ఉంది. వాళ్ళిద్దరి పేర్లతో పిలిచే ఆ పద్ధతిని సీటీ బొమ్మల తయారీ గురించి చదివే విద్యార్థులు ఈనాటికీ నేర్చుకుంటారు.

సీటీలో ప్రతి చుక్కకూ ఒక అంకె ఉంటుంది. నీటికి సున్నా, గాలికి మైనస్ 1000, గట్టి ఎముకకు వెయ్యి దాకా, ఇంకా పైన. పక్షవాతం వచ్చిన మనిషిని ఆసుపత్రికి తేగానే ముందు సీటీ తీసేది ఈ అంకెల కోసమే. మెదడులో రక్తం చిందితే తెల్లగా కనిపిస్తుంది. అలా లేదంటే నాళంలో గడ్డ అడ్డుపడిందన్న అనుమానం బలపడుతుంది. మొదటి దానికి గడ్డ కరిగించే మందు ఇస్తే ప్రాణం పోవచ్చు. రెండో దానికి కొన్ని గంటల్లోపే ఇవ్వాలి. చల్లవానిపేట నుంచి శ్రీకాకుళం దాకా, అక్కణ్ణుంచి విశాఖ దాకా రోడ్డు మీద పోయే ప్రతి గంటా ఆ మెదడులోంచే పోతుంది. జిల్లా ఆసుపత్రిలో సీటీ రాత్రీ పగలూ పనిచేయాలని అడగడం గొంతెమ్మ కోరిక కానే కాదు.

నీటిలోని అయస్కాంతాలు

ఎమ్మారైలో ఎక్స్‌కిరణాలు లేవు. మన ఒంట్లో సగానికి పైగా నీరు. నీటిలో ఉన్న ప్రతి హైడ్రోజన్ కేంద్రకం ఓ చిట్టి అయస్కాంతం. మామూలుగా అవి ఎటు పడితే అటు తిరిగి ఉంటాయి. బలమైన అయస్కాంతంలో మనిషిని పడుకోబెడితే వాటిలో కొద్ది భాగం ఒక వైపుకి మొగ్గుతుంది. ఆసుపత్రుల్లో ఎక్కువగా కనిపించే 1.5 టెస్లా యంత్రం బలం భూమి అయస్కాంత బలానికి సుమారు ముప్పై వేల రెట్లు. అప్పుడు సరైన రేడియో తరంగం పంపితే కేంద్రకాలు పక్కకు వాలతాయి. తరంగం ఆపగానే తిరిగి సర్దుకుంటూ తమ వంతు రేడియో సంకేతం ఇస్తాయి. కొవ్వులో, కండలో, వాపులో, గడ్డలో సర్దుకునే వేగం వేరువేరు. ఆ తేడాయే బొమ్మ. వెన్నుపాము, మెదడు, మోకాలి లోపలి నరాలూ పట్టీలూ ఎమ్మారైలో కనిపించినంత స్పష్టంగా మరెందులోనూ కనిపించవు.

ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ 1946లోనే ఈ అయస్కాంత ధర్మాన్ని పట్టుకున్నారు. దాన్ని బొమ్మగా మార్చే దారిని పాల్ లాటర్‌బర్ 1973లో చూపించారు. పీటర్ మాన్స్‌ఫీల్డ్ వేగంగా తీసే గణితం ఇచ్చారు. ఇద్దరికీ 2003లో నోబెల్ వచ్చింది. రేమండ్ డమాడియన్ బృందం 1977 జులై 3న మనిషి ఛాతీకి మొదటిసారి ఇలాంటి బొమ్మ తీసింది. అందుకు దాదాపు ఐదు గంటలు పట్టింది. ఇప్పుడు అరగంటలో అయిపోతుంది. లోపలి తీగచుట్టను ద్రవ హీలియంతో మైనస్ 269 డిగ్రీల దాకా చల్లబరచాలి. కనుకనే ఈ యంత్రం ఖరీదైనది, పోషించడం ఇంకా ఖరీదైనది. అయస్కాంతం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. ఇనుప సిలిండరుతో గదిలోకి అడుగుపెట్టినా, పాత పేస్‌మేకరు ఉన్న సంగతి చెప్పకపోయినా ప్రాణాపాయం.

ఇంకొక విద్య ఉంది, పెట్ స్కాన్. చక్కెరలాంటి పదార్థానికి ఫ్లోరిన్ 18 అనే రేడియోధార్మిక పరమాణువును అతికించి సూదిమందుగా ఇస్తారు. క్యాన్సరు కణాలు చక్కెరను ఆబగా తీసుకుంటాయి కనుక అవి ఉన్నచోట వెలుగు కనిపిస్తుంది. ఆ పరమాణువుల సంఖ్య 110 నిమిషాలకోసారి సగమైపోతుంది. తయారైన చోటు నుంచి రోగి దాకా గడియారంతో పోటీపడి తేవాలి. దూరమే వైద్యాన్ని ఎలా శాసిస్తుందో చెప్పడానికి ఈ ఒక్క అంకె చాలు.

ఉద్దానం ప్రశ్న

ఇన్ని విద్యలు చేతికొచ్చాక, దర్శి పొదిలి పల్లెల్లో బర్నార్డ్ కాలంలో జరిగినట్టే మన శ్రీకాకుళం జిల్లాలోనూ జరిగి ఉండాల్సింది. జరగలేదు. ఎందుకో చెప్పడమే ఈ భాగం అసలు ఉద్దేశం.

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల కొబ్బరి, జీడి, పనస తోటల సీమ ఉద్దానం. అక్కడ ఇరవయ్యేళ్ళకు పైగా మూత్రపిండాల జబ్బుతో జనం రాలిపోతున్నారు. షుగరు లేదు, పెద్దగా బీపీ లేదు, కాళ్ళ వాపూ లేదు. నడివయసు రైతు, కూలీ ఆకలి లేదని, వాంతులని, నీరసమని డాక్టరు దగ్గరికి వెళతారు. అప్పటికే మూత్రపిండాలు చాలావరకు పోయి ఉంటాయి. ఆంధ్ర వైద్య కళాశాల నెఫ్రాలజిస్టు టి. రవిరాజు బృందం 2019లో ప్రచురించిన సర్వేలో 2210 మందిని పరీక్షిస్తే సుమారు 18 శాతం మందిలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి బయటపడింది. వాళ్ళలో ఎక్కువమందికి తెలిసిన కారణమేదీ లేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోనూ, మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు తోటల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది. అక్కడ కూడా రోగులు ఎండలో ఒళ్ళు వంచి పనిచేసే జనమే.

ఇక్కడ అందుబాటులో ఉన్న బొమ్మ అల్ట్రాసౌండు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళ మూత్రపిండం తొమ్మిది నుంచి పన్నెండు సెంటీమీటర్ల పొడవుంటుంది. పైపొర కాలేయం కంటే నల్లగానో దాదాపు సమానంగానో కనిపిస్తుంది. లోపలి పొర, పైపొర తేడాగా తెలుస్తాయి. జబ్బు ముదిరిన మూత్రపిండం కుంచించుకుపోయి, మచ్చకట్టి తెల్లగా మెరుస్తుంది. రెండు పొరలూ కలిసిపోతాయి. రిపోర్టులో డాక్టరు రెండు వాక్యాల్లో ఇది రాస్తారు. ఆ రెండు వాక్యాలతో ఒక కుటుంబం బతుకు తారుమారవుతుంది.

ఫ్లోరైడు తిన్న ఎముక రూపం ఫ్లోరైడునే వేలెత్తి చూపింది. కుంచించుకుపోయిన మూత్రపిండం రూపం దేన్నీ చూపించదు. షుగరు కాకుండా అనేక కారణాలతో పోయిన మూత్రపిండాలన్నీ చివరికి అదే రూపానికి వస్తాయి. దారులు వేరైనా చేరిన చోటు ఒకటే, మచ్చ. అక్కడి నుంచి ముక్క తీసి మైక్రోస్కోపులో చూద్దామన్నా, కుంచించుకుపోయిన మూత్రపిండం నుంచి ముక్క తీయడం రక్తస్రావానికి దారితీస్తుంది. తీసినా కనిపించేది మచ్చే. నీరు, నేలలోని లోహాలు, సిలికా, పురుగుమందులు, ఎండదెబ్బ, ఒంట్లో నీరు తగ్గిపోవడం, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం అన్నింటినీ శాస్త్రవేత్తలు అనుమానించారు. దర్శిలో నీటి పరీక్షలాగా ఒకే ఒక్క పరీక్ష ఇక్కడ తలుపు తీయలేదు.

దీనికి సమాధానం మరింత పెద్ద స్కాను కాదు. ఊళ్ళో బాగానే ఉన్నామనుకునే మనుషులకు, ముఖ్యంగా ఇరవై ముప్పై ఏళ్ళ యువతకు, ఏటా రక్తంలో క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయాలి. క్రియాటినిన్ పెరిగి కనిపించే సరికే మూత్రపిండాల శక్తి చాలావరకు తగ్గి ఉంటుంది. అందుకని ఒక్కసారి చూసి వదిలేయకుండా, అంకె ఏటేటా ఎటు కదులుతోందో రాసిపెట్టుకోవాలి. మచ్చ పడకముందు, మొదటి దశలో దొరికిన రోగిని కాపాడే అవకాశం ఉంది. కారణం కనుక్కునే అవకాశం కూడా ఆ రోగి దగ్గరే ఉంది. ఉద్దానానికి వైద్యం, పరిశోధన రెండూ ఆ ఒక్క పనిలోనే ఉన్నాయి.

జబ్బు ఉన్నవాళ్ళు, వాళ్ళ ఇంటివాళ్ళు మరొకటి గుర్తుంచుకోవాలి. సీటీలో రక్తనాళాలు కనిపించడానికి అయోడిన్ మందు ఎక్కిస్తారు. దెబ్బతిన్న మూత్రపిండాలకు అది ఇంకా భారం కావచ్చు. ఎమ్మారైలో ఇచ్చే కొన్ని గడోలినియం మందులు మూత్రపిండాలు పోయినవాళ్ళలో చర్మం బిగుసుకుపోయే జబ్బు తెస్తాయని 2006లో తెలిసింది. కనుక ఎక్కడ స్కానింగుకు వెళ్ళినా, మూత్రపిండాల జబ్బుందని ముందే చెప్పాలి. పాత రిపోర్టులు, ఫిల్ములు పారేయకుండా వెంట తీసుకెళ్ళాలి. ఐదేళ్ళ కిందటి కొలతతో పోల్చి చూస్తేనే ఇప్పటి కొలత అర్థమవుతుంది.

2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అదే రోజు ఉద్దానానికి మంచినీటి పథకం కూడా మొదలైంది. ఆ నీరు శ్రీముఖలింగానికి ఎగువన ఉన్న హిరమండలం జలాశయం నుంచి, వంశధార నుంచి వెళ్తోంది. ఏళ్ళ తరబడి మంచినీళ్ళ కోసం అడిగిన జనానికి ఇది చిన్న విషయం కాదు. నీరే కారణమని తేలకపోయినా మంచినీళ్ళు ఇవ్వాల్సిందే. అయితే నీళ్ళు ఇచ్చాం కదా అని పరిశోధన ఆగిపోకూడదు. నీళ్ళు మారాక పదేళ్ళలో కొత్త కేసులు తగ్గాయో లేదో జాగ్రత్తగా లెక్కగడితే ఆ లెక్కే పెద్ద సాక్ష్యమవుతుంది. ఇందుకు కావాల్సింది ఊరూరా ఆశా కార్యకర్త చేతిలో ఒక పుస్తకం, ఏటా ఒక చుక్క రక్తం, ఆ అంకెలను ఏళ్ళ తరబడి విడవకుండా చూసే డాక్టర్లు.

దర్శి, పొదిలిలో తేలినట్టు ఇక్కడా తేలుతుంది. తేల్చేది మాత్రం ఆసుపత్రికి ఆలస్యంగా వచ్చిన రోగి పొట్ట మీద ప్రోబు కాదు. ఇంకా జబ్బు పడని పాతికేళ్ళ కుర్రాడి రక్త పరీక్ష. అతను ఈ ఏడాది ఆ పరీక్ష చేయించుకున్నాడా అని ఇంట్లోవాళ్ళు అడగాలి, ఊరు అడగాలి, జిల్లా యంత్రాంగం అడగాలి.

వచ్చే భాగంలో: పోయిన మూత్రపిండాల పని యంత్రం చేయడం ఎలా సాధ్యమైంది? రెండో ప్రపంచయుద్ధ కాలంలో నెదర్లాండ్స్‌లో విల్లెం కోల్ఫ్ కట్టిన డయాలసిస్ యంత్రం నుంచి సోంపేట, పలాస డయాలసిస్ కేంద్రాల దాకా.